నాలుగు కుర్చీల వార్డు

సోమవారం

డాక్టరమ్మా, వార్డు డైరీలో బరువులు, బీపీలు మాత్రమే రాసి పంపమని మొదట్లో చెప్పారు. ఇన్నాళ్ళూ అలాగే పంపాను. ఈ వారం నుంచి కొంచెం ఎక్కువ రాస్తాను. ఎందుకంటే కింద ఇచ్చిన అంకెలు చూస్తే మీకు అనుమానం వస్తుంది, అందరి బీపీ ఒక్కసారిగా ఎందుకు పెరిగిందని. మందులు మార్చలేదు. ఉప్పు ఎవరూ ఎక్కువ తినలేదు. కారణం వార్డు బయట ఉంది.

మీరు మమ్మల్ని తెర మీద చూడటమే గానీ కొత్తలంకకు ఎప్పుడూ రాలేదు. ఇక్కడ నేల ఉండదు. సముద్రం మీద తేలే రెండు పెద్ద పలకలు, వాటి మధ్య ఒక ఇనుప వారధి, కింద లంగరు గొలుసులు. అంతే మా ఊరు. అల లేచినప్పుడల్లా గొలుసులు మూలుగుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి నిద్ర పట్టదు. మాకు ఆ మూలుగు వినపడకపోతే భయమేస్తుంది.

ఈ ఉదయం వార్డు తెరిచేసరికి గుమ్మం లోపలికి నీళ్ళు కొట్టి ఉన్నాయి. తుడిచాను. యంత్రాలు చూసుకునే కుర్రాడు యాకూబ్ వచ్చి నీటిశుద్ధి యంత్రం నడిపించి, బొగ్గు వడపోత చూసి, "బానే ఉందండి సిస్టరుగారూ, ఎక్కించెయ్యండి" అన్నాడు. నాలుగు డయాలసిస్ కుర్చీలూ నిండాయి.

కిటికీ పక్క రెండు కుర్చీల్లో ఎప్పటిలాగే కన్నబాబు గారు, హైమావతి గారు. ఆయన క్రేను నడిపేవారు. ఆవిడ బడి నడిపేవారు. ఊళ్ళో అందరూ పంతులమ్మ గారంటారు. కిడ్నీలు పోయాక ఇద్దరూ ఒకే షిఫ్టులో పడ్డారు. సూదులు దింపగానే వాదన మొదలుపెడతారు, మళ్ళీ నేను సూదులు తీసేదాకా ఆపరు. ఇప్పుడు వాళ్ళకి దొరికిన విషయం ఓటింగు. వచ్చే తుఫాన్ల కాలంలోపు ఊరు లంగరు ఎత్తి, ఆగ్నేయాన దీవుల చాటుకి వెళ్ళిపోవాలా, లేక ఇక్కడే తీరానికి దగ్గరగా ఉండిపోవాలా అని.

"తుఫానొస్తే మీ మందుల డ్రోను ఎగురుద్దేటండీ పంతులమ్మగారూ?" అన్నారు కన్నబాబు.

"తుఫాను ఏడాదికి రెండుసార్లు, కన్నబాబు గారూ. మనకి సూది వారానికి మూడుసార్లు" అన్నారావిడ.

ఆయన పగలబడి నవ్వారు. గొట్టం కదిలి యంత్రం కూత పెట్టింది. నేను ఇద్దర్నీ కోప్పడ్డాను.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది డాక్టరమ్మా. పోయిన తుఫానుకి పడమటి పలక అంచు విరిగి, కన్నబాబు గారి అల్లుడు సముద్రంలో కొట్టుకుపోయాడు. కూతురు తాయారు ఇద్దరు పిల్లలతో ఆయన దగ్గరే ఉంటోంది. గాలి వేగం పెరిగితే చాలు, ఆయన వెళ్ళి తలుపు గడియ పట్టుకుని నిలబడతారట. ఇక పంతులమ్మ గారి సంగతి. మీ తీరం నుంచి మందులు ఒక్క వారం రాకపోతే ఈ వార్డులో ఏమవుతుందో ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు.

శుక్రవారం

ఊళ్ళో తాళ్ళు మొదలయ్యాయి. ఇక్కడే ఉండిపోదామనే లంగరువాళ్ళు మణికట్టుకి నీలం తాడు, వెళ్ళిపోదామనే పయనంవాళ్ళు పసుపు తాడు. కూరల దగ్గర, నీళ్ళ కొళాయి దగ్గర అందరూ ముందు చేతులు చూసి, తర్వాత మొహాలు చూస్తున్నారు.

కన్నబాబు గారు పసుపు తాడు సూది ఎక్కించే చేతికే కట్టుకొచ్చారు. ఆ చేతికి గాజు కూడా వేసుకోకూడదని మీరు ఎన్నోసార్లు చెప్పారు. విప్పమన్నాను.

"ఇప్పనండి. ఇది ఇప్పితే ఎనక్కి తగ్గేనని అనుకుంటారండి."

"ఎవరనుకుంటారండీ? ఇక్కడ నేనూ, యంత్రమూ ఉన్నాం."

ఆయన పక్క కుర్చీ వైపు చూశారు. పంతులమ్మ గారి రెండో చేతికి నీలం తాడు ఉంది. చివరికి కత్తెర తీసి చూపిస్తే, ఆయనే విప్పి రెండో చేతికి కట్టుకున్నారు.

ఈ రోజు ఇద్దరూ చెవిపూసలు పెట్టుకుని కూర్చున్నారు. ఇంజన్ల మోతలో మనుషుల మాట వినపడాలని ఊరు కట్టినప్పుడు అందరికీ ఇచ్చిన పూసలవి. ఇప్పుడు వాటిలో పొద్దస్తమానం ఎవరి పక్షం ప్రసంగాలు వాళ్ళకి వస్తున్నాయి. ఆయనకి ఏం వినపడిందో గానీ ఉన్నట్టుండి, "సిగ్గుండాలి" అన్నారు. ఆవిడ కళ్ళు తెరిచి, "ఎవరికి?" అని అడిగారు. ఆయన పూస చెవిలోకి ఇంకా నొక్కుకున్నారు.

దాహం ఆపుకోవడానికి ఆయన వచ్చినప్పుడల్లా లవంగాలు తెచ్చి, ముందు ఆవిడకి ఇచ్చి తర్వాత తను వేసుకుంటారు. ఈ రోజు డబ్బీ చాపలేదు. ఆవిడ అడగలేదు.

బుధవారం

నిన్న వారధి దగ్గర పయనంవాళ్ళ సభ జరిగింది. కన్నబాబు గారు మాట్లాడారు. నేను వెళ్ళలేదు. కానీ ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు, బట్టలు ఆరేస్తుంటే వినపడింది.

"కొంతమంది ముసలోళ్ళున్నారు. యంత్రం ఒగ్గేసి కదల్లేరు. ఆళ్ళ ఊపిరి నాలుగు రోజులు నిలబడ్డం కోసం మన పిల్లల్ని గాలివానకి బలిపెడతారంట!"

జనం ఈలలు వేశారు. ఆయనా ఆ యంత్రం మీదే బతుకుతున్నారని ఆ ఈలల్లో ఒక్కరికైనా గుర్తొచ్చిందో లేదో.

ఈ ఉదయం పంతులమ్మ గారు ముందే వచ్చి కూర్చున్నారు. ఆయన లోపలికి వచ్చి తూకం ఎక్కగానే, చుట్టూ అందరూ ఉండగానే అన్నారు.

"నీ అల్లుణ్ణి చంపింది గాలివాన కాదు. వద్దంటున్నా ఆ రోజు క్రేను కట్టడానికి పంపింది ఎవరు?"

డాక్టరమ్మా, అది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. ఇంతవరకూ ఎవరూ ఆయన ముందు అనలేదు. అది ఎవరూ అనకూడని మాట. ఆవిడ నోట 'నువ్వు' అనే మాట వినడం కూడా నాకు అదే మొదటిసారి.

కన్నబాబు గారు తూకం మీద నిలబడినవారు అలాగే నిలబడిపోయారు. తూకం అంకె ఊగుతూనే ఉంది. దిగి, నా వైపు తిరిగి, "దీని పక్కన నేను కూకోనండి" అని వెళ్ళిపోయారు. పంతులమ్మ గారిని 'దీని' అన్నారు. మధ్యాహ్నం షిఫ్టులో ఆయన్ని ఎక్కించాను.

నేను సూదులు తీశాక ఆవిడ చాలాసేపు దూది నొక్కి పట్టుకుని కూర్చున్నారు. రక్తం ఎప్పుడో ఆగింది. "ఇక తియ్యొచ్చు పంతులమ్మ గారూ" అన్నాను. ఆవిడ దూది ఇంకా గట్టిగా నొక్కారు.

సోమవారం

వాళ్ళిద్దర్నీ వేరు షిఫ్టులు చేశాను. గొడవ తప్పుతుందనుకున్నాను. అది చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. నీలం తాడువాళ్ళు పసుపు తాడు కూర్చున్న కుర్చీలో మేం కూర్చోం అంటారు. కుర్చీ తుడిచానంటే, "తుడిచింది ఏ తాడు?" అని అడిగింది ఒకావిడ. నేను ఏ తాడూ కట్టుకోలేదు. అదే ఇప్పుడు నా మీద నేరం. రెండు వైపులా, "సిస్టరు అవతలివాళ్ళ మనిషి" అంటున్నారు.

నిన్న ఊరి మండలి వార్డు సంగతి తేల్చింది. నాలుగు యంత్రాల్లో రెండు పడమటి పలకకి మార్చాలట. అక్కడ పయనంవాళ్ళు ఎక్కువ. ఎవరి వార్డు వాళ్ళకి. నేను వెళ్ళి చెప్పాను, యంత్రాలు రెండు చోట్ల ఉండొచ్చు గానీ శుద్ధి చేసిన నీళ్ళు ఒక్కచోటే ఉన్నాయని, మనిషినీ ఒక్కదాన్నేనని. మండలిలో లంగరువాళ్ళ పెద్ద పద్మరాజు గారు నా మాట మధ్యలోనే ఆపేశారు.

"నువ్వు నర్సువి. సూదులు గుచ్చడం నీ పని. అది చూసుకో."

పయనంవాళ్ళ బెంచీల నుంచి ఒక గొంతు అరిచింది, "నోర్ముయ్యవే!" అని. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలూ కలిశాయి. ఆ గుంపులో నా పేషెంట్ల కొడుకులున్నారు, కోడళ్ళున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి అన్నవాడి మొహం చూడలేదు.

యాకూబ్‌ని అడిగారు. తుఫాను సామాన్ల గదిలో పాత శుద్ధి యంత్రం ఒకటి పడి ఉంది, దాన్ని నడిపించగలవా అని. వాడికీ నీలం తాడు ఉంది. పైగా అంతమందిలో తన పేరు పిలిచేసరికి ఛాతీ విరుచుకున్నాడు. "సేసేయొచ్చండి" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం వార్చాను గానీ తినబుద్ధి కాలేదు. ఎప్పుడో నా పెళ్ళిలో ఆడపడుచు తిట్టినప్పుడు ఏడ్చాను. మళ్ళీ ఇదే. తిట్టిందానికి కాదు డాక్టరమ్మా. మర్నాడు వాళ్ళ ఇళ్ళవాళ్ళకే సూదులు గుచ్చాలి, చెయ్యి వణక్కూడదు, అందుకని.

శనివారం

ఇప్పుడు పొద్దున తూర్పు, మధ్యాహ్నం పడమర. వారధి మీద గొలుసు అడ్డం కట్టారు. ఇటువైపు లంగరు కాపలా, అటువైపు పయనం కాపలా. నా సంచి రెండుసార్లు వెతుకుతారు. మొన్న గుంపుల మధ్య రాళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి ఓటింగు అయ్యేదాకా ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు దాటకూడదని రెండు పక్షాలూ ఆజ్ఞ వేసుకున్నాయి. నాకూ యాకూబ్‌కీ మాత్రం మినహాయింపు.

తూర్పున రెండు యంత్రాల మీద ఏడుగురు. అందుకని వంతులు వెనక్కి జరిపాను. పంతులమ్మ గారి వంతు రెండు రోజులు ఆలస్యమైంది. కాళ్ళు ఉబ్బాయి. మెట్టు ఎక్కితే ఆయాసం. అయినా వరసలో తన కంటే వెనక ఉన్న బాలింతని ముందు ఎక్కించమన్నారు. "ఆ పిల్ల పాలివ్వాలి. నేనెవరికి ఇవ్వాలి?" అన్నారు.

పడమట నీళ్ళ రుచి నాకు నచ్చలేదు. యాకూబ్‌తో అన్నాను. పాత వడపోతలో బొగ్గు మార్చాలని వాడే ఒప్పుకున్నాడు. కొత్త బొగ్గు మీరు పంపే డ్రోనులో రావాలి. గాలి ఎక్కువగా ఉండి అది రెండుసార్లు వెనక్కి తిరిగిపోయింది.

మంగళవారం

నిన్న మీతో మాట్లాడుతుండగానే తెర ఆగిపోయింది. తర్వాత ఏం జరిగిందో ఇదిగో, రాస్తున్నాను.

పడమటి వార్డులో ముందుగా కన్నబాబు గారొక్కరినే ఎక్కించాను. కాసేపటికి నడుము పట్టేసిందన్నారు. తర్వాత గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందన్నారు. గొట్టం చూశాను. రక్తం నేరేడుపండు రసంలా నల్లబడి ఉంది. వెంటనే యంత్రం ఆపి, గొట్టాలు బిగించేసి తెర మీద మిమ్మల్ని పిలిచాను. పాత బొగ్గు దాటి నీళ్ళలోకి క్లోరిన్ వచ్చేసింది, రక్తం చితికిపోతోంది, గొట్టంలోది తిరిగి ఎక్కించొద్దు, మంచి నీళ్ళ మీద తొందరగా మళ్ళీ డయాలసిస్ చెయ్యాలి, లేకపోతే గుండె ఆగిపోతుంది అని మీరన్నారు. అక్కడితో సిగ్నల్ పోయింది.

మంచి నీళ్ళు తూర్పున ఉన్నాయి. తాయారు, ఇంకో ఇద్దరు మంచం మోసుకుంటూ ఆయన్ని వారధి దగ్గరికి తెచ్చారు. పయనం కాపలావాళ్ళు దారి వదిలారు. లంగరువైపు గొలుసు దగ్గర నారాయుడని ఒకడు ఉన్నాడు. తియ్యనన్నాడు.

"పసుపు తాడు ఇటు రాకూడదని ఆర్డరు సిస్టరు."

"మనిషి చచ్చిపోతాడు నారాయుడూ."

"రాళ్ళేసినప్పుడు మా తమ్ముడి తల పగిలింది. అప్పుడేమైంది ఈ మనిషి అనేది?"

పడవలో తేవడానికి సముద్రం ఒప్పుకునేలా లేదు. పద్మరాజు గారికి కబురు పెట్టి, కనీసం మందులైనా తేవచ్చని తూర్పు వార్డుకి పరిగెత్తాను.

పంతులమ్మ గారు సాయంత్రానికి జరిపిన తన వంతు కోసం ముందే వచ్చి తూకం మీద నిలబడి ఉన్నారు. నా మొహం చూసి, "ఏమైంది రూతూ?" అన్నారు. చెప్పాను. చెబుతూనే ఇంజక్షన్లు సంచిలో వేసుకుంటున్నాను. ఆవిడ తూకం దిగారు.

"చక్రాల కుర్చీ తీసుకురా."

"కూర్చోండి, ముందు మిమ్మల్ని ఎక్కించి..."

"నేను ఎక్కను. నన్ను వారధి దగ్గరికి తొయ్యి."

ఆవిడ ఊపిరి సగం సగమే అందుతోంది. ఒంట్లో నీళ్ళు ఊపిరితిత్తుల దాకా వచ్చాయని నాకు తెలుస్తూనే ఉంది. ఆ సమయంలో ఎక్కించకపోవడం తప్పు డాక్టరమ్మా. అయినా తోసుకెళ్ళాను. దారిలో నేను చేస్తున్నది సరైనదేనా అని నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

గొలుసు దగ్గర కుర్చీ ఆపించి, "తియ్యి నాయనా" అన్నారావిడ. నారాయుడు ఆవిడ బళ్ళోనే చదువుకున్నాడు. వాడి మొహం ఎర్రబడింది.

"నువ్వెవరు చెప్పడానికి? పోయి నీ సూది పొడిపించుకో ముసలీ."

ఆవిడ గొలుసు మీద చెయ్యి వేసి, "తిట్టు. తిడుతూనే తియ్యి" అన్నారు.

పద్మరాజు గారు వచ్చేసరికి రెండు వైపులా జనం మూగారు. ఆయన వంగి, మర్యాదగా అన్నారు. నాకు దొరకని మర్యాద ఆవిడకి దొరికింది.

"అమ్మా, మీరు లోపలికి పదండి. మీకేమన్నా అయితే మేమేం కావాలి?"

"నాకేమన్నా అయితే పోస్టరు వేయించుకోండి, పయనంవాళ్ళే చంపారని. ఆయన్ని ఎక్కించేదాకా నేను ఎక్కను."

"వాడు మిమ్మల్ని సభలో ఏమన్నాడో మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. నేను యంత్రం వదిలి కదల్లేనన్నారు. కదిలాను కదా, చూడండి." ఊపిరి కోసం ఆగారు. "నేనన్న మాట కూడా మర్చిపోలేదు. పద్మరాజు గారూ, ఆయన వాదన తప్పని నేను నిరూపించాలి. చచ్చినవాడితో వాదించి ఏం గెలుస్తాను?"

'ఆయన' అన్నారు. ఆ గుంపులో అది నాతో పాటు ఇంకెవరన్నా విన్నారో లేదో.

గొలుసు అవతల తాయారు నిలబడి ఉంది. పంతులమ్మ గారు ఆ పిల్ల వైపు తిరిగారు.

"తాయారూ, ఆ రోజు నేనన్న మాట నీ చెవిన పడే ఉంటుంది."

"పడిందండి."

"నీ ముందు ఒప్పుకోవాలి..."

"ఇప్పుడొద్దండి పంతులమ్మగారూ" అంది తాయారు. ఏడవడం లేదు. గొంతు గట్టిగా ఉంది. "నాన్నకి ఊపిరి అందట్లేదండి. అదంతా తరవాతండి."

ఈలోగా తూర్పు వార్డులో మిగిలిన పేషెంట్లు ఒకరిద్దరు మెల్లగా నడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. నీలం తాళ్ళతోనే. బాలింత కూడా వచ్చింది. నినాదాలు చేసే ఓపిక డయాలసిస్ పేషెంట్లకి ఉండదు. అక్కడ నిలబడటానికి వాళ్ళ ఓపికంతా అయిపోయింది.

పద్మరాజు గారు వాళ్ళని చూశారు. మంచం మీద కన్నబాబు గారిని చూశారు. సరే అనలేదు, కూడదనీ అనలేదు. వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయారు. నారాయుడు ఆయన వీపు వైపు చూస్తూ కొంచెంసేపు ఆగి, గొలుసు కొక్కెం తీశాడు. తీసి, మంచం ఒక కోడు తనే పట్టుకున్నాడు.

ఇద్దర్నీ పక్కపక్కనే ఎక్కించాను. తూర్పున ఉన్నవి ఆ రెండు యంత్రాలే. కన్నబాబు గారికి సగంలో గుండె లయ తప్పింది. మీరు చెప్పి ఉంచిన ఇంజక్షన్ ఇచ్చాను, నిలబడింది. రక్తం తక్కువైంది కాబట్టి మీరు పంపుతున్నట్టు కబురు పెట్టిన బోటు వచ్చేదాకా ఆక్సిజన్ మీద ఉంచుతున్నాను. పంతులమ్మ గారి ఒంట్లోంచి తీసిన నీళ్ళు చూస్తే నాకే భయమేసింది. ఆవిడ మాత్రం నిద్రపోయారు.

గురువారం

మీ బోటు వచ్చింది. రక్తం, బొగ్గు రెండూ అందాయి. దణ్ణాలు.

పడమటి వార్డు మూసేశాం. యాకూబ్, తాయారు కలిసి రెండు యంత్రాలూ బండి మీద తోసుకొచ్చారు. మండలిని ఎవరూ అడగలేదు, మండలీ ఎవర్నీ ఆపలేదు. యంత్రం బిగిస్తూ యాకూబ్ నా వైపు చూడకుండా, "సేసేయొచ్చని నేనే అన్నానండి" అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. నేను టీ ఇచ్చాను. ఇంకేమివ్వాలో తెలియలేదు.

ఊరేమీ మారిపోలేదు డాక్టరమ్మా. మన వార్డు గోడ మీద ఎవరో 'ద్రోహుల గూడు' అని రాశారు. పంతులమ్మ గారి నీలం తాడుని లంగరువాళ్ళలో కొందరు ఇంటికొచ్చి అడిగి తీసుకెళ్ళారట. కూరల దగ్గర నన్ను ఇంకా నువ్వనే అంటున్నారు.

కన్నబాబు గారికి ఈ రోజు మాట వచ్చింది. పక్కకి తిరిగి చాలాసేపు ఆవిడ వైపు చూశారు.

"అయన్నీ నేను అనకూడదండి, సబలో" అన్నారు.

"నేనూ అనకూడదు" అన్నారావిడ.

"మీరన్నది నిజవేనండి. ఆడు ఒద్దన్నాడు. నేనే పంపేను." ఆయన ఆక్సిజన్ గొట్టం సర్దుకున్నారు. "మా అమ్మాయికి ఎప్పుడూ సెప్పలేదండి ఆ సంగతి."

"ఆ అమ్మాయికి తెలుసు, కన్నబాబు గారూ. ఊరంతా తెలుసు. తెలిసే మీ ఇంట్లో ఉంటోంది."

ఆయన మొహం తువ్వాలుతో కప్పుకున్నారు. నేను కుర్చీకీ కుర్చీకీ మధ్య ఉన్న తెర లాగాను. ఆవిడ దాన్ని మళ్ళీ పక్కకి తోసేశారు.

ఆదివారం

ఈ రోజు ఓటింగు. వార్డులోంచి కదల్లేనివాళ్ళ కోసం పెట్టె ఇక్కడికే తెచ్చారు. రెండు పక్షాల నుంచి ఒక్కో మనిషి కాపలా. నేనూ వేశాను. ఎవరికి వేశానో ఇందులో రాయను. ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా పంతులమ్మ గారికీ చెప్పలేదు.

సాయంత్రం షిఫ్టు నడుస్తుండగా ఫలితం వచ్చింది. పయనం గెలిచింది, బొటాబొటిగా. ఊరు లంగరు ఎత్తుతుంది.

వారధి అవతల డప్పులు మొదలయ్యాయి. పసుపు రంగు నీళ్ళు చల్లుకుంటూ ఒక గుంపు వార్డు దాకా వచ్చేసింది. గెలిపించిన మనిషి కన్నబాబు గారు కదా, ఆయన మెడలో దండ వేస్తామని. ఆపడానికి నేను గుమ్మంలోకి వెళ్ళేలోపే వెనక నుంచి ఆయన కేక వేశారు. వారం రోజులుగా గుసగుసలాడిన గొంతు అది.

"ఒరేయ్! లోపల ఓడిపోయినోళ్ళున్నారు. బయటికెళ్ళి వాయించుకోండి!"

గుంపు గుమ్మంలోనే ఆగిపోయింది. డప్పు చప్పుడు తడబడి నిలిచింది.

పంతులమ్మ గారి కళ్ళలో నీళ్ళున్నాయి. మీ తీరం ఆవిడకి ప్రాణాధారం. అది దూరమైపోతోంది. కొంగుతో తుడుచుకున్నారు.

"వాయించనివ్వండి కన్నబాబు గారూ. మేం గెలిస్తే మేం వాయించకుండా ఉండేవాళ్ళమా?"

"మీరు ఇంత సేపు వాయించేవోరు కాదండి."

"మీకేం తెలుసు? నేనే వాయించేదాన్ని."

ఆయన నవ్వబోయి దగ్గారు. గుంపు కదిలి మెల్లగా వెళ్ళిపోయింది. కొంత దూరం పోయాక డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నీలం తాళ్ళవాళ్ళు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నారు. పసుపు తాళ్ళవాళ్ళు వాళ్ళ వైపు చూడలేక కిటికీ వైపు చూస్తున్నారు.

పంతులమ్మ గారే ముందు మాట్లాడారు.

"రూతూ, సముద్రం పటం తెప్పించు. పెద్దది."

యాకూబ్ తెచ్చి, రెండు కుర్చీల మధ్య బల్ల మీద పరిచాడు. ఆవిడ సూది లేని చేత్తో వేలు పెట్టి గీశారు.

"ఇదేనా మీ దారి?"

"ఇదేనండి. ఇలా దచ్చిణంగా పోయి, ఇదిగో, ఈ దీవుల ఎనక్కి."

"మందుల బోటు ఎక్కడ ఆగుతుంది?"

కన్నబాబు గారు పటం మీద వంగి చూశారు. మళ్ళీ చూశారు.

"అది... ఇంకా ఆలోసించలేదండి."

"ఇన్ని సభలు పెట్టి అది ఆలోచించలేదా! ఈ దారి కాదు. ఇలా ఉత్తరంగా చుట్టి వెళ్ళాలి. రెండు రేవులు తగులుతాయి."

"ఉత్తరంగా పోతే గాలి ఎదురొస్తాదండి. క్రేనోణ్ణి, గాలి సంగతి నాకు సెప్తారా?"

"గాలి సంగతి మీరు చెప్పండి. రక్తం సంగతి నేను చెబుతాను."

ఎదురు కుర్చీలోని బాలింత, ఉత్తరం రేవులో మంచినీళ్ళు ఉండవని అంది. కాదు ఉంటాయని యాకూబ్ అన్నాడు. పటం అంచు సెలైన్ గొట్టానికి తగిలి యంత్రం కూసింది. నేను కూత ఆపి, ఇద్దరికీ బీపీ చూశాను. ఇద్దరికీ పెరిగింది డాక్టరమ్మా, అంకెలు కింద రాశాను. ఈ ఒక్కసారికి మందు ఇవ్వలేదు.